సయ్యద్ అబ్దుల్ రహీం

సయ్యద్ అబ్దుల్ రహీం (ఆగష్టు 17, 1909 - జూన్ 11, 1963) హైదరాబాదుకు చెందిన ఫుట్‌బాల్ క్రీడాకారుడు, శిక్షకుడు, క్రీడాసంఘ నిర్వాహకుడు. వృత్తిరీత్యా పాఠశాల ఉపాధ్యాయుడు. రహీం సాబ్‌గా ప్రసిద్ధుడు.

క్రీడాకారుడి నుండి శిక్షకుడిగా

ఉస్మానియా విశ్వవిద్యాలయ జట్టులో ఆడిన రహీం 1943లో హైదరాబాదు ఫుట్‌బాల్ సంఘానికి కార్యదర్శి అయ్యాడు. మరణించేవరకు ఆ పదవిలోనే ఉన్నాడు. 1950లో హైదరాబాదు సిటీ పోలీసు జట్టు శిక్షణ బాధ్యత స్వీకరించాడు. ఆ జట్టు 1950 నుండి 1954 వరకు వరుసగా 5 పర్యాయాలు రోవర్స్ కప్ గెలుచుకున్నది.

ఇతని పద్ధతి విశిష్టమైనది. బంతిని ఒక్కడే తన కాళ్ళ వద్ద ఉంచుకొని పరుగెత్తరాదనే నియమంతో కొన్ని పోటీలు, వాటంలేని కాలితోనే తన్నవలెననే నియమంతో మరికొన్ని పోటీలు నిర్వహించాడు. బడిలో పాఠం చెప్పేవారికే ఇటువంటి ఆలోచన వస్తుందేమో!

భారత జట్టు

ఇతని శిక్షణలో భారత్ 1951 ఢిల్లీ ఆసియా క్రీడలలో స్వర్ణం సాధించింది. మరుసటి ఏడాది హెల్సింకి ఒలింపిక్స్‌లో, పలువురు బూట్లు లేకుండా ఆడిన జట్టు యుగోస్లేవియా చేతిలో 1-10 తేడాతో ఓడింది. 1956 మెల్‌బోర్న్‌లో ఆస్ట్రేలియాను 4-2తో ఓడించి నాలుగవ స్థానం పొందింది. 1962 జకార్తా నాటికి రహీం క్యాన్సర్‌తో బాధపడుతున్నాడు. తలకు గాయమైన రక్షకుడు జర్నైల్ సింగ్‌ను ముందువరుసలో ఆడించాడు. ఫైనల్‌లో అతడు, పి.కె.బెనర్జీ చెరొక గోలు చేయగా భారత్ 2-1తో దక్షిణ కొరియాపై గెలిచింది. ఆ తరువాత ఆసియా క్రీడలలో మరో ఫుట్‌బాల్ స్వర్ణం రాలేదు.

రహీం తరువాత

సంఘ నిర్వహణ, పోలీసు జట్టు శిక్షణ, జాతీయ జట్టు బాధ్యత ఒకే వ్యక్తి చేతిలో ఉండటమే నాటి బలం, బలహీనత కూడా. పోలీసు ఉద్యోగం ఆటగాడికి జీవనాధారమైనది. రహీం మరణానంతరం కూడా 1970 ఆసియా క్రీడలలో కాంస్యం గెలిచిన జట్టు నాయకుడు సయ్యద్ నయీముద్దీన్, ఆపై షబ్బీర్ అలీ వంటివారు ఈ నగరం నుండే వచ్చారు. అయితే రహీం స్థానాన్ని భర్తీ చేయగల వ్యవస్థ ఏర్పడలేదు.

2019లో పూణే సిటీ జట్టు స్థానంలో హైదరాబాద్ ఎఫ్.సి. వచ్చింది. 2021-22లో ఇండియన్ సూపర్ లీగ్ విజేత అయినది. రెండేళ్ళు తిరగకముందే జీతాల బకాయిలతో ఆటగాళ్ళు వెళ్ళిపోయారు. 2025లో ఆ జట్టు పేరు మార్చుకొని ఢిల్లీకి తరలిపోయింది. పోలీసు జట్టును ఇలా మరో నగరానికి తరలించడం ఊహకందని విషయం. ఎందుకంటే అది హైదరాబాదు పోలీసుశాఖలో భాగం.

2024లో రహీం జీవితం ఆధారంగా మైదాన్ చలనచిత్రం విడుదలైనది. 2025 డిసెంబరు 13న ఉప్పల్ స్టేడియంలో మెస్సీ కార్యక్రమానికి జనం తరలివచ్చారు. అందులో బంతి ఆడిన ముఖ్యమంత్రి రేవంత్ రెడ్డి నియోజకవర్గం కొడంగల్. కోస్గి ఆ నియోజకవర్గంలోనిదే. అభిమానానికి కొరత లేదు. కాని కోస్గి బడిలో చక్కగా ఆడే పిల్లవాడు రాజధానికి వెళితే, దేశపు అగ్రశ్రేణి లీగ్‌లో ఆ నగరం తరఫున ఆడే జట్టు లేదు. 2021-22లో ఐ-లీగ్‌లో ప్రవేశించిన శ్రీనిధి దక్కన్ వంటి జట్లే అతనికి దారి.