చుక్కల నడుమ మంచు

చుక్కల నడుమ ధూళి మేఘాల్లో నీటిమంచు ఉందని పోయిన నెల ఈ పేజీలో ఒక్క మాట రాస్తే, పేటలో ముగ్గురు నలుగురు ఆపి అడిగిన్రు: "అక్కడికి ఎవరు పోయి చూసొచ్చిన్రే?" న్యాయమైన ప్రశ్నే.

ఎవరూ పోలేదు. నూలో పాలిస్టరో తేల్చడానికి మనం పోగు కొస అంటిస్తం గదా. నూలు కాగితంలా మండి బూడిదైతది, పాలిస్టర్ కరిగి పూసకడతది. బట్టల ల్యాబుల్లో అంటించకుండానే తేల్చే మిషన్ ఉంది. అది కంటికి కనబడని పరారుణ కాంతిని గుడ్డ మీదికి పంపుతుంది. ఒక్కో పదార్థం ఆ కాంతిని ఒక్కో చోట మింగుతుంది. నీటిమంచు 3 మైక్రాన్ల దగ్గర (మైక్రాన్ అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు), కార్బన్ డై ఆక్సైడ్ మంచు 4.27 దగ్గర. నూలు కూడా 3కు దాపునే మింగుతుంది. నీటిలో ఉన్న ఆక్సిజన్-హైడ్రోజన్ జంట నూలులోనూ ఉంది మరి. నూలు చొక్కా చెమట పీల్చేది ఆ జంట వల్లే, పాలిస్టర్‌కు ఆ భాగ్యం లేదు.

మేఘం వెనక నక్షత్రం వెలుగు ఆ మేఘాన్ని దాటి మన దాకా వచ్చేసరికి ఇవే చోట్ల గండ్లు పడి ఉంటాయి. ఓరియన్ వైపు నీటిమంచు గండిని 1973లోనే పట్టారు.

గండి ఎవరిదో చెప్పాలంటే పక్కన పెట్టి చూసుకోను నమూనా కావాలె. కష్టమంతా అక్కడే. స్టీలు డబ్బాలో గాలంతా లాగేసి, లోపలి బిళ్ళను మైనస్ 263 డిగ్రీల దాకా చల్లబరుస్తారు. సోలాపూర్ మే నెల ఎండలో ఉన్న మనకు అది ఊహకే అందదు. సన్నగా ఆవిరి వదిలితే బిళ్ళ మీద పొర గడ్డకడుతుంది. దానిగుండా పరారుణ కాంతి పంపి, ఎక్కడ ఎంత మింగిందో గీత గీస్తారు. కొంచెం వేడిచేసి మళ్ళీ, ఇంకో ఆవిరి కలిపి మళ్ళీ. ఎందుకంటే వేడి మారినా, తోడు మారినా గండి ఆకారం మారుతుంది.

హాలెండ్‌లో లైడెన్ వాళ్ళు, అమెరికాలో నాసా ఏమ్స్ వాళ్ళు ఏళ్ళ తరబడి ఈ గీతలు కూడబెట్టారు. అహ్మదాబాద్ ఫిజికల్ రీసెర్చ్ లాబొరేటరీలోనూ ఈ పని జరుగుతుంది. 1947లో దాన్ని పెట్టిన విక్రమ్ సారాభాయ్ మిల్లు యజమానుల ఇంటి బిడ్డ. మిల్లు బట్టల పరిశోధనకు అటిరాను నిలబెట్టినవాళ్ళలో కూడా ఆయన ఉన్నారు.

జేమ్స్ వెబ్ టెలిస్కోపు చూపిన గండ్లను ఇలాంటి గీతలతో పోల్చే, కమేలియన్ 1 మేఘంలో నీరు, అమ్మోనియా, మీథేన్, మిథనాల్ మంచులున్నాయని 2023లో చెప్పగలిగారు. భూమ్మీది నీళ్ళలో కొంత సూర్యుడి కన్నా పాతదని కొందరు శాస్త్రవేత్తల లెక్క.

మన చాళ్ళల్ల బీఎస్సీ కెమిస్ట్రీ చదివే ఆడపిల్లలను "సీసాలు కడిగే చదువు" అని ఆటపట్టిస్తుంటరు. ఆ చదువులో వాళ్ళు నేర్చేది ఇట్లాంటి గీత చదవడమే. మీ ఇంట్లో అసుంటి పిల్ల ఉంటే కూసోబెట్టి అడగండి. నాకన్నా బాగా చెప్తది.