మిగిలినవి ఎనిమిది రోజులు

మా మదరసాలో చదివి, నేడు దుబాయిలో ఉద్యోగం చేస్తున్న ఒక విద్యార్థి ఇటీవల ఫోను చేశాడు. అక్కడే బిడ్డ పుట్టి 22 రోజులైంది. "ఉస్తాద్, బీమాలో అనిశ్చితి ఉంది గదా, బిడ్డ పేరిట తీసుకోవచ్చునా?" అన్నాడు. మేము వెంటనే జవాబివ్వక, ముందు కాగితాలు చదివించాము.

దుబాయిలో 2013 నాటి 11వ చట్టం ప్రకారం ఉద్యోగికి బీమా చేయించవలసినది యజమాని. భార్యాబిడ్డల భారం వారిని తన వీసాపై ఉంచుకున్న వానిదే. కొన్ని కంపెనీలు కుటుంబానికీ ఇస్తాయి, అది వాటి ఉదారత. నవజాత శిశువుకు తల్లి బీమా వర్తించేది 30 రోజులే. మన శిష్యునికి మిగిలినవి ఎనిమిది! తండ్రి సందేహాలు తీరేవరకు శిశువు జ్వరం ఆగుతుందా?

ఇక ధర్మసమ్మతి మాట. 1985లో జిద్దాలో సమావేశమైన అంతర్జాతీయ ఇస్లామీ ఫిఖ్‌హ్ అకాడమీ వాణిజ్య బీమాలోని అనిశ్చితిని తప్పుపట్టి, పరస్పర సహకార బీమాను సమ్మతించింది. తకాఫుల్ ఆ కోవలోనిదే. ముందు దానినే విచారించమన్నాము. అది అందని పక్షంలో, చట్టం విధించిన దానిని ఎగవేయమని చెప్పడానికి మాకు నోరు రాలేదు.

అసలు చిక్కు తర్వాత బయటపడింది. బిడ్డ గుండెలో చిన్న రంధ్రం ఉందట. "దరఖాస్తులో రాయకండి, ప్రీమియం పెరుగుతుంది" అన్నాడట ఏజెంటు. దాచిన జబ్బు రేపు బయటపడితే క్లెయిము తిరస్కరిస్తారు. పైగా అది ఒప్పందంలో మోసం. శిష్యుడు కాసేపు పలుకలేదు. పిమ్మట "రాస్తాను ఉస్తాద్" అన్నాడు.

ఆరవ రోజున పాలసీ చేతికొచ్చింది. ప్రీమియం అతడు అనుకున్నదానికన్నా ఎక్కువే పడింది.