విరిగిన కాలు లెక్కలో ఉంటది, నడక లెక్కలో ఉండదు

టేకులపల్లి చుట్టుపక్కల ఎముకలు విరిగేది ఎవరివి? తాడెక్కి జారినోళ్ళవి. మిరపకాయ కోతకు ట్రాక్టర్ల మీద కుక్కుకొని పోయే ఆడకూలీలవి. పరంజా మీది నుంచి పడ్డ మేస్త్రీ కూలీలవి. ఇల్లందు బొగ్గు పనికి పోయినోళ్ళవి. మాల మాదిగ వాడలు, కోయ గూడేలు, లంబాడి తండాలు – ఇక్కడ నిటారుగా నడిచే ముసలోళ్ళను వేళ్ళ మీద లెక్కపెట్టొచ్చు. ఆసామి కొడుకు కాలు విరిగినా ఎముక ఎముకే. కానీ వాడు ఆరు నెలలు మంచమెక్కితే ఇంట్ల పొయ్యి ఆరిపోదు. మనోడు మంచమెక్కితే పెండ్లాం రెండు కూళ్ళు చెయ్యాలె, బిడ్డ బడి మానాలె. హాజరు పట్టీ పట్టుకునే వాళ్ళం గనుక ఈ సంగతి మాకు బాగా తెలుసు. చాలామంది పిల్లల పేర్ల ఎదురుగా సున్నాలు మొదలయ్యేది తండ్రి కాలు విరిగిన నెల నుంచే.

ఈ మధ్య పెద్ద పెద్ద ఎముకల డాక్టర్లు ‘డేటా’ అని ఒక మాట పదే పదే అంటున్నరు. రోగుల వివరాలన్నీ ఒకచోట పోగేసి, ఏ వైద్యం పనిచేసింది, ఏది చెయ్యలేదు అని తేల్చి వైద్యం మెరుగుపరుస్తమంటున్నరు. మంచిదే. కానీ ఇది కొత్త మాట కాదు. నూరేండ్ల కిందటే ఒక ఎముకల డాక్టరు ఈ మాట అని దెబ్బ తిన్నడు.

అమెరికాలోని బోస్టన్‌లో ఎర్నెస్ట్ ఆమరీ కాడ్‌మన్ అని ఒక సర్జన్ ఉండేటోడు. భుజం ఎముకల సంగతి బాగా తెలిసినోడు. ఆయన అడిగింది చిన్న ప్రశ్న. ఆపరేషన్ చేసినం సరే, ఏడాది తర్వాత ఆ మనిషి ఎట్లున్నడు? ప్రతి రోగికీ ఒక కార్డు రాసిండు. ఏ బాధతో వచ్చిండు, మేమేం చేసినం, ఏడాదికి ఏమైంది, బాగు కాకపోతే తప్పెక్కడ జరిగింది – అన్నీ అందులోనే. తాను పనిచేసే మసాచుసెట్స్ జనరల్ ఆసుపత్రి పెద్దలకు ఇది మింగుడు పడలేదు. 1914లో రాజీనామా ఇచ్చి బయటికొచ్చిండు. సొంతంగా నడిపిన చిన్న ఆసుపత్రిలో 1911 నుంచి 1916 దాకా 337 మందికి వైద్యం చేసి, అందులో 123 తప్పులు జరిగినయని తానే అచ్చు వేయించిండు. మన దగ్గర ఏ ఆసుపత్రి బోర్డు మీదైనా ఇట్లాంటి లెక్క చూసినమా? 1915లో ఒక డాక్టర్ల సభలో పెద్ద బొమ్మ పెట్టిండు. డబ్బున్న రోగులు ఇసుకలో తల దూర్చిన నిప్పుకోడి, అది పెట్టే బంగారు గుడ్లు ఏరుకునేది డాక్టర్లు! ఆ దెబ్బకు డాక్టర్ల సంఘంలో ఆయన పదవి ఊడింది, సంపాదన పడిపోయింది. 1940లో చనిపోతే 2014 దాకా ఆయన సమాధి మీద పేరు రాసిన రాయి కూడా లేదు. తెల్లోడు, హార్వర్డ్‌లో చదివినోడు, ఆయనకే ఆ గతి పట్టింది.

కానీ ఆయన ప్రశ్న చావలేదు. స్వీడన్ 1975లో మోకాలి చిప్పల మార్పిడికీ, 1979లో తుంటి మార్పిడికీ దేశం మొత్తానికి రిజిస్టర్లు పెట్టింది. ఆస్ట్రేలియా కూడా పెట్టింది. జాన్సన్ అండ్ జాన్సన్ వాళ్ళ డిప్యూ కంపెనీ అమ్మిన ఏఎస్ఆర్ అనే తుంటి కీలు తొందరగా చెడిపోతున్నదని పట్టించింది ఆ రిజిస్టరే. 2010 ఆగస్టులో కంపెనీ ఆ కీలును ప్రపంచమంతటా వెనక్కి తీసుకుంది. మన దేశంలో దాదాపు 4,700 ఆపరేషన్లలో అది వేసిండ్రు. అందులో 3,600 మందికి పైగా ఎక్కడున్నరో దొరకలేదు. లోపల చెడ్డ లోహం పెట్టుకొని తిరుగుతున్న మనిషికి ఆ సంగతి చెప్పే దారే లేకుండ పోయింది. రిజిస్టరు ఉన్నచోట కంపెనీ దొరికింది, లేనిచోట రోగి తప్పిపోయిండు.

మరి మన లెక్కలు ఎవరూ రాస్తలేరా అంటే, రాస్తున్నరు. 2007లో ఆరోగ్యశ్రీ మొదలైనప్పటి నుంచీ ప్రతి ఆపరేషన్‌కూ కంప్యూటర్‌లో చిట్టా ఉంది. ఆంధ్రప్రదేశ్‌లో బయటికొచ్చిన చిట్టా గడులు చూడండి. వయసు, ఆడా మగా, కులం, ఊరు, మండలం, ఆపరేషన్ పేరు, ఆసుపత్రి, తేదీ, అడిగిన సొమ్ము, ఇచ్చిన సొమ్ము, డిశ్చార్జి తేదీ, చనిపోయిండా లేదా. అంతే! రాడ్డు వేసినంక అతికిందా, చీము పట్టిందా, మళ్ళీ కూలికి పోగలిగిండా – వీటికి గడి లేదు. బతికితే బాగైనట్టే లెక్క. పైసల లెక్క తేలినాక కాలు లెక్క ఎవనికి కావాలె? ఇంకో చిత్రం కూడా ఉంది. పేరు రాయలేదు, గుట్టు భద్రమే అంటరు. నలభై గడపల పల్లెలో ‘ఎస్సీ, ఆడ, 52 ఏండ్లు, ఫలానా ఆపరేషన్’ అని రాస్తే ఆమె ఎవరో తెలియందెవరికి? మనిషిని పట్టించేంత వివరం ఉంది, మనిషికి పనికొచ్చే వివరం లేదు.

అందుకే మనోళ్ళు కాయిదం అంటే జంకుతరు. దాన్ని అజ్ఞానమని కొట్టిపారేసే డాక్టర్లకు మన ఖమ్మం జిల్లా సంగతే గుర్తు చెయ్యాలె. 2009లో పాత్ అనే అమెరికా సంస్థ, ఐసీఎంఆర్ కలిసి భద్రాచలం, కొత్తగూడెం, తిరుమలాయపాలెం మండలాల్లో 10 నుంచి 14 ఏండ్ల ఆడపిల్లలు దాదాపు 14 వేల మందికి గర్భాశయ ముఖద్వార క్యాన్సర్ టీకా పరిశోధన పేరుతో సూదులు వేయించినయి. హాస్టళ్ళలో ఉన్నది ఆదివాసీ, దళిత పిల్లలే. తర్వాత చూసిన 9,543 అంగీకార పత్రాల్లో 1,948 వేలిముద్రలు, 2,763 హాస్టల్ వార్డెన్ల సంతకాలు!  పిల్లల చావుల సంగతి బయటపడి 2010 ఏప్రిల్‌లో ఆపిండ్రు. ఆ చావులకు టీకా కారణం కాదని విచారణ కమిటీ అన్నది. కానీ అంగీకారం తీసుకున్న తీరును 2013లో పార్లమెంటు కమిటీ గట్టిగా తప్పుపట్టింది. ఆ టీకా మంచిదే కావొచ్చు. అడగకుండ తీసుకున్న లెక్క మంచిది కాదు.

ఇదంతా చూసి ‘మా వివరాలు ఇయ్యం పో’ అనే తమ్ముళ్ళున్నరు. వాళ్ళతో మేము కలవం. లెక్క లేనోనికి హక్కు లేదు. 1928లో సైమన్ కమిషన్ ముందుకు బాబాసాహెబ్ పోయింది ఉత్త చేతుల్తో కాదు, బొంబాయి రాష్ట్రంలో అంటరాని పిల్లల చదువు లెక్కలతో. తేడా ఏందంటే ఆ లెక్క మనం అడిగింది, మన చేతిలో ఉన్నది. 2022లో పక్కనే ములుగులో ఇల్లిల్లూ తిరిగి ఆరోగ్య వివరాలు రాసుకున్నరు. రేపు ఎముకల మీద పరిశోధన అని ఎవరైనా మన వాడకు రావొచ్చు. రానీ. తెలుగులో చదివి చెప్పాలె. ఇంటివాళ్ళు ఒప్పుకోవాలె. వద్దన్నోనికి వైద్యం ఆగొద్దు. తేలిన సంగతి మళ్ళీ ఇదే వాడకు వచ్చి చెప్పాలె.

ఇప్పటికిప్పుడు చేయగలిగిన పని ఒకటుంది. 2002 వైద్య మండలి నిబంధనల ప్రకారం రోగి గానీ, రోగి తరఫు మనిషి గానీ అడిగితే 72 గంటల్లో రికార్డులు ఇయ్యాలె. మూడేండ్లు దాచి ఉంచాలె. రాతపూర్వకంగా అడగండి, అడిగిన తేదీతో రసీదు తీసుకోండి. ఎక్స్‌రే, కేసు షీటు ఇంట్ల దూలానికి చెక్కుకోకుండ సంచిలో పెట్టి దాచండి. ప్రతి వాడలో ఒక నోటు పుస్తకం పెడదాం. పడ్డ రోజు, వేసిన కట్టు (నాటు కట్టైనా సరే, సిగ్గుపడొద్దు), ఆపరేషన్ తేదీ, చేతి నుంచి పడ్డ ఖర్చు. మళ్ళీ మూడు నెలలకు, ఏడాదికి అదే గడప దగ్గరికి పోయి అడగాలె. చెట్టెక్కుతున్నవా? బరువు మోస్తున్నవా? నొప్పి లేకుండ పండుకుంటున్నవా? పేర్లుండే ఆ పుస్తకం వాడ దాటొద్దు. పేర్లు తీసేసిన మొత్తం లెక్క మాత్రం సోమవారం ప్రజావాణిలో కలెక్టరు ముందు పెడదాం, ఆరోగ్యశ్రీ చిట్టాలో ఏడాది గడి ఎప్పుడు పెడతరని అడుగుదాం. పుస్తకం రాయడానికి మా బడి నుంచి పదో తరగతి పాసైన పిల్లలు నలుగురు సిద్ధంగ ఉన్నరు.