మాయ పడలేదని ఎవరితోనూ చెయ్యి పెట్టించకండి

ఇది కొంచెం పెద్ద పోస్టు. పాడి ఉన్నవాళ్ళు ఓపిగ్గా చదవండి.

ఆవుకి మూడు నాలుగు సార్లు సూది వేయించినా చూడి నిలవకపోతే మనం ఏమంటాం? సెమన్ మంచిది కాదంటాం, సూది వేసే కుర్రాడికి పని రాదంటాం. నేనూ అన్నాను. ఇప్పుడు నా అభిప్రాయం మారింది. చాలా ఆవుల్లో ఆ తప్పు ఈనిన రోజే మన పాకలో జరిగిపోయి ఉంటుంది.

మా జెర్సీ ఆవు రెండో ఈత సాయంత్రం పూట ఈనింది. రాత్రి పదింటికి కూడా మాయ పడలేదు. తెల్లారేదాకా ఆగలేక, ఊళ్ళో అలవాటున్న ఒక పెద్దాయన్ని నేనే పిలుచుకొచ్చాను. ఆయన చేతికి నూనె రాసుకుని లోపల పెట్టి లాగాడు. తునకలు తునకలుగా వచ్చింది. "మొత్తం వచ్చేసింది, ఇంక భయం లేదు" అన్నాడు. నేను దండం పెట్టి పంపించాను.

ఐదో రోజుకి ఆవు మేత మానేసింది. వెనక నుంచి నీళ్ళలాగా ఎర్రగా కారుతోంది, పాకలో నిలబడలేనంత కంపు. డాక్టరు గారు వచ్చి చూస్తే 105 జ్వరం. మందులతో బతికింది గానీ, పూటకి ఆరు లీటర్లు ఇవ్వాల్సింది మూడు దాటలేదు. తర్వాత నాలుగుసార్లు సూది వేయిస్తే నాలుగుసార్లూ పొర్లింది. పొర్లిన ప్రతిసారీ 21 రోజులు, మొత్తం 84 రోజుల మేపు దండగ. చివరికి సంతకి తోలేశాం. బండి ఎక్కించేటప్పుడు మా ఆవిడ ఇంట్లోంచి బయటికి రాలేదు.

అసలు సంగతి డాక్టరు గారు చెప్తే అప్పుడు అర్థమైంది. ఈనేటప్పుడు దారి తెరుచుకుంటుంది కాబట్టి, మొదటి రెండు వారాల్లో దాదాపు ప్రతి ఆవు గర్భసంచిలోకీ సూక్ష్మజీవులు చేరతాయి. ముందు పేడలో ఉండే ఈ.కొలై లాంటివి, వాటి వెనకాలే చీము పట్టించేవి. ఆరోగ్యంగా ఉన్న ఆవు వాటిని తనే వదిలించుకుంటుంది. గర్భసంచి ముడుచుకుంటూ మైలని బయటికి నెట్టేస్తుంది. సుమారు 40 రోజులకి మామూలు స్థితికి వస్తుంది. మాయ మాత్రం గర్భసంచి గోడకి గుండీలు పెట్టినట్టు పట్టుకుని ఉంటుంది. ఆ పట్టు దానంతటది సడలాలి. మనం లాగితే గోడ గాయపడుతుంది, ముక్కలు లోపలే ఉండిపోతాయి, చేతి మురికి కూడా లోపలికి పోతుంది. వేలాడే మాయకి రాయో ఇటుకో కట్టినా అంతే.

"మా తాతల నాటి నుంచి లాగుతున్నాం, ఏం కాలేదు" అంటారు. ఏం కాని ఆవులు మనకి గుర్తుంటాయి. చూడి కట్టక సంతకి పోయినవాటిని ఎవరు లెక్కపెట్టారు?

"రాత్రిపూట డాక్టరు రాడు కదా" అంటారు. నిజమే. కానీ ఆవు మేత తింటూ, జ్వరం లేకుండా ఉంటే, మాయ పడకపోవడం ఒక్కటే ప్రాణం మీదికి రాదు. తెల్లారేదాకా ఆగొచ్చు. 12 గంటలు దాటినా పడకపోతే డాక్టరుకి చెప్పండి, లేదా 1962కి ఫోన్ చెయ్యండి. కొందరు వెదురాకు పెడతారు, దాంతో నాకు తగాదా లేదు. తగాదా అంతా చేతితోనే.

నేను ఇప్పుడు చేసేది చెప్తాను. ఈనే చోట పేడ తీసేసి పొడి గడ్డి పరుస్తాను. రెండొందలు పెట్టి థర్మామీటరు కొన్నాను. ఈనిన దగ్గర్నుంచి పది రోజులు రోజూ పొద్దున మలద్వారంలో పెట్టి చూస్తాను. 101, 102 ఉంటే మామూలే. 103 దాటిందా, కంపు కొడుతూ నీళ్ళలాగా కారుతోందా, మేత మానేసిందా, ఆ రోజే డాక్టరు. బిళ్ళలు పెట్టాలా, ఇంజెక్షన్ చెయ్యాలా అన్నది ఆయన తేలుస్తారు, మందుల షాపువాళ్ళు కాదు. ఆయన చెప్పిన రోజులు ఆ పాలు కేంద్రానికి పొయ్యకండి. మూడు వారాలు దాటాక తోకకి చీము అంటుకుని కనిపిస్తే, సూది వేయించే ముందు దానికి వైద్యం చేయించండి.

ఇంకొక్క మాట. ఈసుడు రోగం, అదే బ్రూసెల్లా, మాయ నుంచి మనిషికీ అంటుతుంది. మాయని ఉత్త చేతులతో ముట్టుకోకండి. లోతుగా పూడ్చండి, కుక్కలకి వెయ్యకండి.

ఆ పెద్దాయన మీద నాకు కోపం లేదు. ఆయన చేతనైన సాయం చేశాడు. పిలిచింది నేను. తెల్లారేదాకా ఆగాల్సింది కూడా నేనే. ఈసారి మీ పాకలో మాయ పడకపోతే మీరు ఆగండి. మీ ఆవుకో గేదెకో ఇలా జరిగి ఉంటే కింద రాయండి, నలుగురికీ పనికొస్తుంది.