మందు సీసా కన్నా ముందు నీళ్లు

పగడాల అక్వేరియంలో రాళ్లమీద పచ్చటి పీచునాచు కనబడగానే మందు సీసా కోసం పరుగెత్తడం నాకు నచ్చదు. నాచు పెరిగిందంటే దానికి నీళ్లలో తిండి దొరుకుతోందన్నమాట: బోరు నీళ్లతో వచ్చిన నైట్రేట్, గడ్డకట్టిన రొయ్య మేతను కరిగిన నీళ్లతో సహా వొంపేయడంవల్ల చేరిన ఫాస్ఫేట్. ముందు ఆర్‌ఓ, డీఐ వడపోతలు దాటిన నీళ్లకు మారండి, మేత తగ్గించండి, రాయిని బయటికి తీసి బకెట్లో ఉప్పునీళ్లలో ముంచి పాత టూత్‌బ్రష్‌తో మొదలంటా రుద్దండి. మిగిలిన మొలకల్ని టర్బో నత్తలు మేస్తాయి. అలాగని నైట్రేట్, ఫాస్ఫేట్ రెండింటినీ సున్నాకు దించాలనే పట్టుదల ఇంకా ప్రమాదం. పగడాలు పాలిపోతాయి, పోటీ లేని చోట డైనోఫ్లాజెల్లేట్లు పాతుకుంటాయి: గాలి బుడగలు చిక్కుకున్న గోధుమరంగు జిగురు తీగలు, కొన్ని రకాలైతే మేసిన నత్తల్నే చంపేంత విషం. ఇసుకమీద ఎర్రటి పొరలా పరుచుకునేది అసలు నాచే కాదు, సయనోబ్యాక్టీరియా. ఎరిత్రోమైసిన్ అనే యాంటీబయాటిక్ వేస్తే ఆ పొర పోతుంది, నిజమే. కానీ మేలుచేసే బ్యాక్టీరియాకూ దెబ్బ తగలొచ్చు, నీళ్లు మారకపోతే పొర మళ్లీ వస్తుంది. మనుషుల జబ్బులకు వాడే మందును తొట్టి అందం కోసం, మార్చిన నీళ్లతోపాటు మురుగు కాలువలోకి వదలడం తప్పనే అంటాను. కొత్త తొట్టిలో గోధుమరంగు పొడిలా కమ్మే డయాటమ్‌లనైతే వదిలేయండి, నీళ్లలో సిలికా తగ్గేకొద్దీ అవే పోతాయి.