60 రోజుల ముందు ఆకలి

“ఆలు లేదు చూలు లేదు, కొడుకు పేరు సోమలింగం” అంటుంటుంది మా నాయనమ్మ. అమెరికాలో ఉంటున్న మా పెదనాన్నగారి అబ్బాయి ఫోన్లో చెప్పింది వింటే నాకా సామెతే గుర్తొచ్చింది. ఫ్లోరిడాలో 1971లో తెరిచిన వాల్ట్ డిస్నీ వరల్డ్‌కు పిల్లల్ని తీసుకెళ్తూ, అక్కడి రెస్టారెంట్లలో భోజనానికి 60 రోజుల ముందే టేబుళ్ళు రిజర్వు చేశాడట! చాలాచోట్ల, చెప్పకుండా మానేస్తే మనిషికి 10 డాలర్ల జరిమానా కూడానట.

మొదట నవ్వాను. తర్వాత ఆలోచించాను. మన రైలు బెర్తుకూ 2024 నవంబరు నుంచి 60 రోజులే కదా గడువు! పిల్లలు ఆకలితో క్యూలో నిలబడేకంటే ముందే ఏర్పాటు చేసుకోవడం మేలే. జరిమానా కూడా న్యాయమే. మనం వదిలేసిన టేబుల్ ఇంకొకరికి అందేది.

కాని మిత్రులారా, 60 రోజుల తర్వాత ఫలానా పూట ఫలానా చోట ఉంటానని ఎవరు చెప్పగలరు? నెలజీతగాడు చెప్పగలడు. షిఫ్టులు మారే కార్మికుడు చెప్పలేడు. వానను నమ్ముకున్న మా నాన్న అసలే చెప్పలేడు. ఆయనకు ముందుచూపు లేకనా?

అందుకే, రిజర్వేషన్లు ఉండాల్సిందే గాని, ప్రతి రెస్టారెంటులోనూ కొన్ని టేబుళ్ళు అప్పటికప్పుడు వచ్చేవారి కోసం అట్టేపెట్టాలంటాను. మా అమ్మ ఇంట్లో మనుషుల్ని లెక్కపెట్టే ఎసట్లో బియ్యం పోస్తుంది. పోసి, ఇంకో గుప్పెడు వేస్తుంది. ఎవరొస్తారో ఏమో!