గడప దాటని ఇంటి సందర్శన

ఆశా కార్యకర్త వీధిలో నిలబడి "బిడ్డ పాలు బాగా తాగుతోందా?" అని కేకేస్తుంది. లోపలి నుంచి బాలింత "తాగుతోందమ్మా" అంటుంది. రిజిస్టర్‌లో ఒక టిక్కు పడుతుంది. ప్రభుత్వ లెక్కలో ఇదొక ఇంటి సందర్శన. వాడల్లో పెరిగిన మాకు ఈ దృశ్యం కొత్త కాదు.

నవజాత శిశువులకు ఇంటి దగ్గరే సంరక్షణ అందించే కార్యక్రమం దేశంలో 2011లో మొదలైంది. ఆసుపత్రిలో కాన్పయితే 3, 7, 14, 21, 28, 42వ రోజుల్లో ఆశా కార్యకర్త ఆరుసార్లు ఇంటికి రావాలి. ఇంట్లోనే కాన్పయితే మొదటి రోజుతో కలిపి ఏడుసార్లు. 2018లో దీనికి మరో ఐదు సందర్శనలు కలిపారు: 3, 6, 9, 12, 15 నెలలకు. వచ్చిన మనిషి బిడ్డ బరువు తూచాలి. చంకలో థర్మామీటర్ పెట్టి జ్వరం చూడాలి. బొడ్డు చీము పట్టిందేమో చూడాలి. తల్లి పక్కన కూర్చుని పాలిచ్చే తీరు గమనించాలి. ఇందులో ఏ పనీ వీధిలో నిలబడి చేసేది కాదు. లోపలికి రావాలి, బిడ్డను చేతుల్లోకి తీసుకోవాలి. తాకడానికి వెనకాడే చోట ఈ కార్యక్రమం కాగితం మీదే మిగులుతుంది.

ఇది మా ఊహ కాదు. 11 రాష్ట్రాల్లోని 565 గ్రామాల్లో జరిపిన సర్వే ఆధారంగా గ్రామీణ భారతంలో అంటరానితనంపై 2006లో ఒక పుస్తకం వచ్చింది. దాదాపు 33 శాతం గ్రామాల్లో ప్రభుత్వ ఆరోగ్య సిబ్బంది దళితుల ఇళ్ళకు వెళ్ళడం లేదని ఆ సర్వేలో తేలింది. అప్పటికి ఆశాలు లేరు, ఇప్పుడు మారిందని కొందరంటారు. కానీ గుజరాత్, రాజస్థాన్ గ్రామాల దళిత పిల్లలపై సంఘమిత్ర ఆచార్య చేసిన అధ్యయనం 2010లో వచ్చింది. మందు ఇచ్చేటప్పుడు కూడా తాకకుండా తప్పించుకోవడం అందులో నమోదైంది. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం వయసుకు తగ్గ ఎత్తు లేని ఐదేళ్ళలోపు పిల్లలు ఎస్సీల్లో దాదాపు 39 శాతం. ఎస్సీ, ఎస్టీ, ఓబీసీ కాని కులాల్లో దాదాపు 30 శాతం. ఈ తేడాకు పేదరికం, నీళ్ళు, తల్లుల చదువు కూడా కారణాలే. అలాంటప్పుడు ఇంటికొచ్చే సేవ ముందు ఈ పిల్లలకే అందాలి కదా?

మా కోపం ఆశా చెల్లెళ్ళ మీద కాదు. మొదటి ఆరు సందర్శనలూ పూర్తిచేస్తే వారికి నిర్ణయించిన ప్రోత్సాహకం 250 రూపాయలు. తర్వాతి ఐదింటికి మరో 250. 2022లో ప్రపంచ ఆరోగ్య సంస్థ వారిని సత్కరించింది, ప్రభుత్వం మాత్రం ఇంకా స్వచ్ఛంద సేవకులనే అంటోంది. దళిత ఆశా అగ్రకుల వీధికి వెళ్తే అక్కడ బయట నిలబడేది ఆమే. సమస్య ఒక మనిషి మంచిచెడులది కాదు, ఊరిని, వాడని విడదీసిన వ్యవస్థది.

ఎస్సీ, ఎస్టీ ఆవాసాలన్నింటికీ త్వరగా అంగన్‌వాడీ ఉండాలని 2004లోనే సుప్రీంకోర్టు ఆదేశించింది. 2006 డిసెంబర్‌లో కొత్త కేంద్రాల్లో వాటికే ప్రాధాన్యం ఇవ్వమంది. అంటరానితనం పేరుతో సేవ నిరాకరించడం 1955 పౌరహక్కుల పరిరక్షణ చట్టం కింద నేరం. చట్టం ఉంది, లెక్క లేదు. అందుకే మేం అడిగేవి ఇవి: వాడ ఆడపడుచులను ఆశాలుగా, అంగన్‌వాడీ టీచర్లుగా నియమించాలి. వారికి కనీస వేతనం ఇవ్వాలి. సందర్శనల వివరాలను కులాలవారీగా బయటపెట్టాలి. సామాజిక తనిఖీ పంచాయతీ ఆఫీసులో కాదు, వాడలోనే జరగాలి.

విద్యార్థి మిత్రులు సెలవుల్లో ఊరెళ్ళినప్పుడు ఈ పని మొదలుపెట్టవచ్చు. వాడలోని బాలింతల దగ్గర తల్లీబిడ్డల కార్డు తీసి చూడండి. ఎన్నిసార్లు వచ్చారని అడిగి ఆగిపోకండి. బిడ్డను ఎత్తుకున్నారా అని అడగండి. ఆ జవాబులు రాసుకుని గ్రామసభలో చదవండి.